ఉడికిస్తే చచ్చే రకం కాదు అది

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో 'జాంబీ జింకలు' అంటూ పోయిన వారం మీరు వేసిన వార్త చదివి, సవరణ వేస్తారేమోనని రోజూ పేపరు తిరగేశాను. వేయలేదు. వేసే ఉద్దేశం కూడా కనబడడం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ జింకల మెదడును పాడుచేసే జబ్బుకు కారణమైన ప్రియాన్ వైరస్ కాదండీ. ఒంట్లో మామూలుగా ఉండే ప్రొటీనే మడత తప్పి, పక్కనున్న మంచి ప్రొటీన్‌ను కూడా తన వంకరలోకి తిప్పుకుంటుంది. ప్రాణమే లేనిదాన్ని 'బాగా ఉడికిస్తే చనిపోతుంది' అని ఎలా రాశారు? 1930లలో స్కాట్లండ్‌లో గొర్రెల మెదడు నుంచి వేరే జబ్బుకు ఒక టీకా చేశారు, క్రిములను చంపే ఫార్మలిన్ కలిపే చేశారు. అయినా ఆ టీకా వల్లే వందలాది గొర్రెలకు స్క్రేపీ అనే ప్రియాన్ జబ్బు అంటుకుంది. ఫార్మలిన్‌కు లొంగనిది ప్రెషర్ కుక్కర్‌కు లొంగుతుందా?

దానికంటే ఒళ్లు మండించింది 'ఒక జాతి జబ్బు మరో జాతికి రాదని నిపుణులు తేల్చారు' అన్న వాక్యం. ఏ నిపుణులు, ఎప్పుడు తేల్చారు? జింకల నుంచి మనిషికి వచ్చినట్టు ఇంతవరకు రుజువు కాలేదన్నారు, అంతే. రాలేదనడం వేరు, రాదనడం వేరు.

ఒక జంతువు ప్రియాన్‌ను ల్యాబులో ఇంకో జాతికి ఎక్కిస్తే మొదటి విడతలో జబ్బు చాలా ఆలస్యంగా, ఏ కొన్నింటికో వస్తుంది. ఆ జబ్బుపడిన వాటి మెదడు తీసి అదే జాతికి మళ్లీ ఎక్కిస్తే గడువు తగ్గిపోతుంది. బదిలీ మీద వచ్చిన అధికారి మొదట్లో తడుముకుని, ఊరి పద్ధతి ఒంటబట్టాక చెలరేగిపోయినట్టే. హామ్‌స్టర్లకు అలా అలవాటుపడిన 263కె అనే స్ట్రెయిన్ (ప్రియాన్ రకం) రెండు నెలలు దాటితే చాలు, వాటిని చంపేస్తుంది. దాన్నే చిట్టెలుకలకు ఎక్కిస్తే అవి పైకి నిక్షేపంగా తిరుగుతుంటాయి, మెదడులో మాత్రం అది పెరుగుతూనే ఉంటుంది. పైకి బాగున్న జంతువును చూసి 'రాలేదు' అని రాసేయడం ఎంత తేలికో చూడండి.

బ్రిటన్ వాళ్లు చేసిందీ ఇదే. 1986లో ఆవుల్లో మ్యాడ్ కౌ అనే ప్రియాన్ జబ్బు బయటపడింది. గొర్రెల స్క్రేపీ రెండు వందల ఏళ్లకు పైగా ఉన్నా మనుషులకు రాలేదు కదా, ఇదీ అంతే అనుకున్నారు. 1989లో ప్రభుత్వం వేసిన సౌత్‌వుడ్ కమిటీ మనుషులకు ముప్పు చాలా తక్కువని రాసింది. 1990 మేలో బ్రిస్టల్‌లో ఒక సయామీ పిల్లి ఇలాంటి జబ్బుతోనే పోయింది. పిల్లులకు స్క్రేపీ రావడం అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆవుల్లో ఉన్నది స్క్రేపీ దారిలో నడవడం లేదని ఆ పిల్లి చచ్చి చెప్పింది. అదే నెలలో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ కెమెరాల ముందు నాలుగేళ్ల కూతురికి గొడ్డు మాంసం బర్గర్ అందించారు! ఆవుల జబ్బు మనుషులకూ సోకి ఉండొచ్చని 1996 మార్చి 20న పార్లమెంటులో ఒప్పుకోక తప్పలేదు. ఆ జబ్బుతో అక్కడే 178 మంది పోయారు. జబ్బుపడిన ఆవు, పిల్లి, మనిషి మెదళ్ల నుంచి తీసిన ప్రియాన్లను చిట్టెలుకలకు ఎక్కిస్తే అన్నింటిదీ ఒకే తీరు: అదే గడువు, మెదడులో అవే చోట్ల దెబ్బ. కొన్ని స్ట్రెయిన్లు జాతి మారగానే గుణం మార్చుకుంటాయి, ఇది ఎందులో దూరినా మార్చుకోలేదు. ఏది ఏ జాతికి వస్తుందో ముందే చెప్పలేం అంటున్నది అందుకే. జింకల జబ్బులోనూ ఒకటే రకం లేదు. 2016లో నార్వే రెయిన్‌డీర్లలో దొరికినది అమెరికా రకం కాదు.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో పనిచేసి అమెరికా వెళ్లిన మన తెలుగు డాక్టర్లను అడగండి, అక్కడి మాంసంతో ఈ జబ్బు అంటి ఉంటుందేమోనన్న భయంతో 2022 దాకా అమెరికాలో వాళ్ల రక్తం తీసుకోలేదని చెబుతారు.

కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారు పుట్టినప్పుడు మన నాయకులూ 2020లో వేదికలెక్కి చికెన్ ముక్కలు నమిలారు. కోడి సంగతిలో వేడి పనిచేస్తుంది కాబట్టి సరిపోయింది. ప్రియాన్ దగ్గర కూడా అదే నాటకం ఆడరన్న నమ్మకం నాకైతే లేదు. మన పశువులు మ్యాడ్ కౌను పాకించిన మాంసం, ఎముకల పొడి దాణా కాకుండా గడ్డి, తవుడు, తెలగపిండి తింటాయి, మ్యాడ్ కౌ ఇక్కడ బయటపడలేదు, సంతోషం. కానీ అంతుపట్టకుండా పడిపోయిన గేదె మెదడును ల్యాబుకు పంపిన సందర్భాలు నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాము కరిచిందని రాసేస్తే ఫైలు మూసుకుపోతుంది, పైవాళ్లకూ హాయి.

సవరణ వేయదలిస్తే దయచేసి రాశిఫలాల కింద మూడు లైన్లలో కాకుండా, ఆ వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

– విశ్రాంత పశువైద్యుడు, తెనాలి