చి.ల.సౌ. సుధకు, ట్రాక్టరు విషయం

చి.ల.సౌ. సుధకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను. మీ కొండ కింద ఫోను ఎప్పుడు చేసినా అందుబాటులో లేదనే చెబుతోంది. మస్తాన్ బావమరిది పెళ్లిమాటలకు సీతారాంపురం పోతుంటే ఈ కాయితం వాడి చేతికిచ్చి పంపుతున్నా. కన్ను బాగానే ఉంది, దుమ్ములో తిరగొద్దన్నారు గాని, లేకుంటే నేనే వచ్చేవాణ్ణి.

పెద్ద విషయమేం లేదు. మొన్న పెంచలయ్య ఆత్మకూరు పోయొచ్చి, మీ అమ్మాయి షోరూములో 45 హార్స్‌పవర్ బండి ఎక్కి కూర్చుని చూస్తోంది అన్నాడు. ఒక్కతే వచ్చిందన్నాడు. వస్తే ఏం, నేనేమీ అడగలా. వాడే మళ్లీ అందుకుని, చాన్నాళ్ల బట్టీ ఆ షెడ్డులో ఒక్కతే ఉంటోందంటనే అన్నాడు. పెంచలయ్య నోటి సంగతి నీకు తెలుసు, మీ జేజి పోయినప్పుడూ అంతే చేశాడు. సరే, ట్రాక్టరు గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నా.

45 ఎందుకమ్మా నీకు? ఇక్కడ బుచ్చిలో మన కయ్యలు చాప పరిచినట్టుంటాయి. ఇనప చక్రాలేసి దమ్ము చెయ్యాలన్నా, ధాన్యం ట్రక్కు లాగాలన్నా ఆ బండి కావాలి. నీది ఆరెకరాలు. కింద సగం బత్తాయి, మామిడి. పైసగం వేప, తుమ్మ, సీతాఫలం పొదలు, ఆపైన వెలికొండ. ఎర్ర గరపనేల, యాడ చూసినా గుండ్రాళ్లు. పెద్దబండి ఆ చెట్ల మధ్య తిరగలేక కొమ్మలన్నీ విరుస్తుంది. సైలెన్సరు నిలువుగా పైకి ఉన్నదయితే ప్రతి మామిడికొమ్మకీ తగులుతుంది, అది కూడా చూసుకో.

చవకని మరీ చిన్నదానికీ పోవద్దు. స్వరాజ్ 717 లాంటి 15 హార్స్‌పవర్ బండ్లు చదును తోటలో బాగా పనికొస్తాయి. వాటికి వెనక చక్రాలకే లాగుడు. తడినేలలో వాలు మీద అవి జారితే ఇక బండి మన చేతిలో ఉండదు. 24 నుంచి 28 లోపు, నాలుగు చక్రాలూ లాగేది తీసుకో. మహీంద్రా జీవో 245, కుబోటా బి2441 రెండూ 24. జాన్ డీర్ 3028 అయితే 28. నాలుగు చక్రాల లాగుడు కొండ ఎక్కేదానికే అనుకుంటారు. దిగేటప్పుడే దాని విలువ తెలిసేది. ఇట్టాంటి బండ్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, ముందు ఇరుసు కలిపి ఉంటే ఆ పట్టు ముందు చక్రాలకూ అందుతుంది.

మూడిట్లో ఏదని నన్నడగొద్దు. మీ ఊరికి మెకానిక్ ఎంతసేపట్లో వస్తాడు, ఫిల్టరు ఉదయగిరిలో దొరుకుతుందా, నెల్లూరు దాకా పోవాలా, అది చూసి తీసుకో. మధ్యప్రదేశ్‌లో బుద్నీలోనూ, మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ ప్రభుత్వం వాళ్లు ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టులిస్తారు. అల్లుడుగారికి ఇవన్నీ వెదికి చదివే ఓపికుంది గదా, చూడమను. ఆయన ఇప్పుడు బెంగళూరులోనే ఉన్నారా? ఇంటినుంచి పని చేసేది అయిపోయిందని ఆమధ్య నువ్వే అన్నావు, అందుకని అడుగుతున్నా.

ఇంకో మెలిక ఉంది. చెట్ల మధ్యకు ఇరుకు బండి కావాలి, వాలుకు వెడల్పు బండి కావాలి. ఒకదానికి మంచిది ఇంకోదానికి చెడ్డ. నీ బత్తాయి 20 అడుగుల ఎడంతో పెట్టారు, గుబురు పోయినా ఏడెనిమిది అడుగుల దారి మిగులుతుంది. కాబట్టి చక్రాలను మరీ దగ్గరికి బిగించే పని లేదు. వెనక రిమ్ములు తిప్పి బిగిస్తే ఎడం పెరుగుతుంది, షోరూములోనే చేయించుకో. అసలు వాలు కొలిచావా? పదడుగుల కర్ర ఒక చివర పైవైపు నేలకు ఆనించి, మేస్త్రీ రసమట్టం పెట్టి సమంగా పట్టుకో. కిందవైపు చివర నేలకు ఎంతెత్తున ఉందో అదే నీ వాలు. రెండడుగులు దాటిన చోట నేనయితే బండిని అడ్డంగా నడపను, నిలువుగానే పోతాను. దుక్కి మాత్రం వాలుకు అడ్డంగానే పడాలి, నిలువుగా దున్నితే కార్తీకంలో ఒక్క తుపానుకు మట్టంతా కిందకొస్తుంది. రెండూ కుదరవు గనక పైసగం దున్నే ఆలోచనే మానుకో. గడ్డి కోయించు, చెట్లను ఉండనీ. బత్తాయిలోనూ రోటవేటరు వద్దు. పీచువేర్లు పైపైనే ఉంటాయి, తెగిన చోట కుళ్లు పట్టుకుంటుంది. గొర్రుతో పైపైన గీకితే చాలు.

ఒక్కతివే నడుపుతున్నావా? డ్రైవర్ని పెట్టుకున్నావా?

రమణయ్య మామ సంగతి నీకు సగమే తెలుసు, చిన్నపిల్లవి అప్పుడు. కలిగిరి అవతల మామ మెట్టలో బావికి పోయే దారికి అడ్డంగా తుమ్మ మొద్దు ఉండేది. చుట్టూ తవ్వి వేర్లు కొడితే రెండు రోజుల్లో వచ్చేదే. మామకు ఓపికుంటే గదా. బాడుగ ట్రాక్టరు పిలిపించాడు. డ్రైవరు బుద్ధిమంతుడు, గొలుసు కింద హుక్కుకే వెయ్యాలన్నాడు. గొలుసు చాలలా. ఊళ్లోకి పోయి ఇంకోటి తెస్తా, ఆగు బావా అన్నా. వినలా. గొర్రు బిగించేదానికి పైన మూడో లింకు ఉంటుందే, దగ్గరపడుతుందని దానికి కట్టేశాడు. నేను ఎక్కనని డ్రైవరు దిగిపోయాడు. అయితే నువ్వు పక్కకి పో అని మామే పంచె ఎగ్గట్టి ఎక్కాడు. మీ అత్త మజ్జిగ చెంబు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది, ఎందుకయ్యా నీకీ పని అంటానే ఉంది. ఫస్టు గేరులో క్లచ్చు ఒక్కసారిగా వదిలాడు. మొద్దు కదల్లా. వెనక చక్రాలు నేలలో దిగబడి నిలిచాయి, ఇంజను మాత్రం ఆగలా. చక్రం తిరగలేనప్పుడు బండే చక్రం చుట్టూ తిరుగుతుందమ్మా. ముందు చక్రాలు లేచాయి. అయ్యో అనే మాట నా నోట్లో పూర్తి కాకముందే బండి నిలువునా లేచి వెనక్కి పడింది.

మామ పక్కకి జారాడు గనక, ఆ పక్కన బావిమట్టి కుప్ప ఉంది గనక బతికాడు. మెడకింది ఎముక విరిగింది. ఆస్పత్రి వద్దు, పుత్తూరు కట్టే కట్టించుకుంటానని పట్టుబట్టి జీపులో పోయాడు, దారంతా ప్రతి గుంటకీ జీపువాణ్ణి తిడుతూ. తర్వాత ఏ పెళ్లికి పోయినా 'నేను దూకా' అని చెప్పుకునేవాడు. దూకేదానికి టైమేదీ? మీ అత్త చెంబులో మజ్జిగ మాత్రం చుక్క వొలకలేదని అదొకటి చెప్పేవాడు. ఆ మొద్దు ఇప్పటికీ అక్కడే ఉంది, దారినే పక్కకి తిప్పుకున్నారు.

అందుకని, ఏది లాగినా కింద హుక్కుకే. బండి తిరగబడితే మనిషి నలగకుండా ఆపే ఇనప బార్ వెనక ఉన్న బండే కొను. ఎండకు పందిరి బిగించి ఇస్తామంటారు, ఆ పందిరి బండి పడితే కాపాడదు. బార్ ఉంటే బెల్టు పెట్టుకునే కూర్చో. కొమ్మలకు అడ్డమని బార్ మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, అప్పుడు బండితోపాటే పోతావు. అల్లుడుగారు ఆరడుగుల మనిషి, బార్ ఆయన తలకంటే పైన ఉందో లేదో ఆయన్ని కూర్చోబెట్టే చూడు. బాగా ఏటవాలుగా ఉన్న చోట రివర్సులో ఎక్కు, ముందుకు దిగు. ఎంత గేరులో ఎక్కావో అంతే గేరులో దిగాలి, డీజిలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టొద్దు. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం ఎప్పుడూ వేసే ఉంచు. వెనక పనిముట్లను తిప్పే ఇరుసు, పీటీఓ అంటారే, అది నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, తిరిగేటప్పుడు దగ్గరికి పోకు. చున్నీ వేసుకుని అసలే పోకు, జడ ముడేసుకో. మందు కొట్టే ట్యాంకు 500 లీటర్లంటే అర టన్ను, అది దిగేటప్పుడు బండిని వెనకనుంచి తోస్తుంది. నాలుగు మాటలని మొదలుపెట్టి ఇంత రాశానంటే నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వు.

గార్లదిన్నెలో రైతులకు నడపడం, బాగుచేసుకోవడం నేర్పుతారు. కొనేముందే పోయిరండి, ఇద్దరూ. అల్లుడుగారికీ బండి నడపడం వస్తే నీకు అండగా ఉంటుంది.

లోను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగింది, డీలరు పాత ధర కాయితం చూపిస్తే ఒప్పుకోవద్దు. బ్యాంకువాళ్లు పట్టాదారు పాసుపుస్తకం అడుగుతారు. అది మీ ఇద్దరిలో ఎవరి పేరు మీద ఉంది? ఆయన పేరు మీదుంటే సంతకానికి రావాల్సి వస్తుంది గదా. రాగలరా? రాలేకపోతే చెప్పు, నిమ్మకాయల డబ్బు కొంత ఉంది, లోను లేకుండానే చూద్దాం. ఊరికే అంటున్నా.

మీ ఇద్దరి మధ్యా ఏదన్నా ఉంటే నాకు చెప్పొద్దులే. మీ అమ్మకు చెప్పు. ఏం లేకపోతే ఏం లేదని చెప్పు, అదీ చాలు. పెంచలయ్యను నేను మళ్లీ పలకరించలా.

షెడ్డుకు రాత్రిపూట లోపల గడియ సరిగ్గా పడుతోందా? చిత్తకార్తె నాటి పందులు మళ్లీ వస్తున్నాయా? కంచెకు కరెంటు పెట్టమని ఎవడన్నా అంటే వాడి మాట వినొద్దు, మనుషులు పోతారు. మస్తాన్ చేతికి నిమ్మకాయ ఊరగాయ, పెద్ద టార్చి, మోకాళ్ల దాకా వచ్చే బూట్లు పంపిస్తున్నా. బూట్లు వేసుకోకుండా గడ్డిలోకి దిగొద్దు. జాడీ మూత గట్టిగా పెట్టు, పోయినసారి లాగా చెయ్యొద్దు, మీ అమ్మ రాయమంది.

సంక్రాంతికి అల్లుడుగారికి బట్టలు తీసేదానికి మీ అమ్మ వచ్చే వారం నెల్లూరు పోతానంటోంది. చొక్కా కొలత పాతదేనా, మారిందా? మస్తాన్ ఎల్లుండి వెనక్కి వస్తాడు, చీటీ మీద రాసి వాడి చేతికియ్యి.

ఇట్లు
నాన్న