గుర్రాన్ని కొనడం ఒక ఎత్తు, ఇంటికి చేర్చడం మరో ఎత్తు

సంపాదకులు గారికి నమస్కారములు.

మార్గశిర అమావాస్య దగ్గరపడుతున్నది. మా నాందేడ్ జిల్లా లోహా తాలూకా మాళేగావ్‌లో జరిగే ఖండోబా జాతరకు గుర్రాలు కొనడానికి మా ధర్మాబాద్, బిలోలి ప్రాంతాల నుంచే కాక, సరిహద్దుకు అవతల తెలంగాణలో ఉన్న బోధన్, బాసర, భైంసా వైపు నుంచి కూడా చాలామంది బయలుదేరుతారు. బేరం దగ్గర పళ్లు, నడక, ఒంటి మీది సుడులు గంటల తరబడి పరీక్షించే మనవాళ్లు, కొన్న గుర్రం ఇల్లు చేరేదాకా ఎలా ప్రయాణించాలి, చేరిన తరువాత మొదటి పది రోజులు ఏమి తినాలి అన్నది మాత్రం పట్టించుకోరు. సుడి బాగున్న గుర్రం కూడా కడుపు శూలతో పోతుందని ఈ లేఖ ద్వారా మనవి చేయదలచాను.

రెండేళ్ల కిందట అదే జాతరలో నేనొక నాలుగేళ్ల ఆడగుర్రాన్ని కొన్నాను. టెంపోలో ఇనుప రేకు మీద గడ్డి పరకైనా పరవకుండా, తల పైకెత్తి ఉండేలా కురచ తాడుతో కట్టి, దాదాపు నాలుగు గంటల దారిలో ఒక్కచోటైనా నీళ్లు చూపకుండా ఇంటికి తెచ్చాను. రాత్రి పొద్దుపోయాక దిగింది. ప్రేమకొద్దీ గంపెడు ఉలవ గుగ్గిళ్లు, వాటి మీద ఎద్దుల కోసం ఉంచిన మక్క పిండి కలిపి ముందు పెట్టాను. తొట్టి నాకి మరీ తిన్నది. తెల్లవారేసరికి ముందుకాలితో నేల గీరుతూ, మాటిమాటికి మెడ తిప్పి తన డొక్క వైపే చూసుకుంటూ, మెడ మీద చెమట కారుతూ నిలబడి ఉంది. డొక్కకు చెవి ఆనిస్తే ఎప్పుడూ వినిపించే గుడగుడ చప్పుడు లేదు. పొరుగాయన ముక్కు ద్వారా నూనె పోద్దామన్నాడు. అదృష్టవశాత్తు పశువైద్యుడు ఫోనులోనే వద్దని ఆపారు, ఎందుకంటే అలా పోసిన నూనె కడుపులోకి కాక ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది. ఆయన వచ్చి గొట్టం వేసి కడుపు తేలికపరిచాక ప్రాణం నిలిచింది గాని, అతిగా తిన్న గింజల వల్ల డెక్కల లోపల వాపు వచ్చి మూడు నెలల పాటు అది కుంటింది. తప్పు పూర్తిగా నాదే.

గుర్రం వాంతి చేసుకోలేదు. ఒళ్లు ఎంత పెద్దదైనా దాని పొట్ట పది పదిహేను లీటర్లకు మించి పట్టదు. అందువల్ల ఎద్దుకు వేసినట్లు ఒకేసారి కుప్పగా వేయకుండా, కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టాలి. మూడున్నర క్వింటాళ్ల బరువున్న గుర్రానికి రోజుకు ఏడు కిలోల వరకు ఎండు మేత కావాలి, అందులో ఎక్కువ భాగం జొన్న చొప్ప (మా వైపు కడబ అంటాము), ఎండుగడ్డి వంటివే అయి ఉండాలి. ఉలవలు గానీ ఇతర గింజలు గానీ పూటకు కిలోన్నరకు మించకూడదు. ఉలవలను ఉడికించి పెట్టడం మన పెద్దలు తెలిసి చేసిన పనే. నీళ్లు రోజుకు పాతిక నుంచి నలభై లీటర్లు తాగుతుంది. మేత మార్చవలసి వస్తే వారం పది రోజుల పాటు కొత్తది కొంచెంగా పెంచుతూ, పాతది తగ్గిస్తూ రావాలి. కాబట్టి కొనేటప్పుడే అమ్మినవాణ్ణి అది రోజూ ఏమి తింటుందో అడిగి, వారానికి సరిపడా అదే మేత ఒకటి రెండు మూటలు అతని దగ్గరే కొనుక్కోండి. గుర్రం ధరలో ఆ ఖర్చు లెక్కలోకి రాదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత చెప్పుకుంటాము గాని, దాణా ఎక్కువై చచ్చిన గుర్రాల మాట ఎవరూ ఎత్తరు.

మన ప్రాంతంలో మరో ప్రమాదమున్నది. జాతర నాటికి యాసంగి జొన్న ఇంకా పచ్చిగానే ఉంటుంది. పశువులకు నాము కొట్టే (విషమెక్కించే) ఆ లేత జొన్నను గుర్రాలకు అసలే మేపరాదు. రోజుల తరబడి మేపితే మూత్రాశయం, నడుము పట్టు తప్పుతాయి. బూజు పట్టిన మక్క గుర్రం మెదడును చెడగొడుతుంది. కోళ్లకు, కొన్ని చోట్ల పశువులకు కలిపే దాణాలో మోనెన్సిన్ అనే మందు ఉంటుంది. ఎద్దుకు మేలు చేసే మోతాదు కూడా గుర్రం గుండె కండరాలను దెబ్బతీస్తుంది. ఇంట్లో పశువులూ గుర్రమూ కలిసి ఉన్నచోట దాణా బస్తాలు వేరుగా, తలుపు వేసిన గదిలో ఉంచుకోవడం తప్పనిసరి.

ఇక రవాణా సంగతి. 1978 నాటి జంతు రవాణా నియమాలలో గుర్రాల కోసం ప్రత్యేక భాగమున్నది. పశువైద్యుని ధ్రువపత్రం ఉండాలి, లారీలో నాలుగు నుంచి ఆరు గుర్రాలకు మించకూడదు, నేల మీద జారకుండా ఏదైనా పరవాలి, ఒక్కొక్క దానికి మధ్య కనీసం ఎనిమిది సెంటీమీటర్ల మందం గల వెదురు బొంగు కట్టాలి, తలలు ఎడమ వైపుకు ఉండాలి, వెంట మనిషి ఉండాలి, వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. చలికాలం తెల్లవారుజామున లారీలు ఎంత వేగంగా పోతాయో మా రోడ్డు మీద నిలబడి చూసేవారికి తెలుసు. నా అనుభవం ఒకటి దీనికి చేర్చుతాను: తాడు గుర్రం తల కిందికి దించగలిగేంత పొడవుండాలి. తల పైకే కట్టి ఉంచితే శ్వాసనాళంలోని కఫం, దుమ్ము బయటికి రాలేక దూరప్రయాణం తరువాత జ్వరం, నిమోనియా వస్తాయి. లారీ ఎక్కించడానికి కళ్లకు గుడ్డ కట్టి వెనుక నుంచి కొట్టే పద్ధతి కన్నా, వాహనాన్ని ఒక గట్టుకు ఆనించి నిలిపి లోపల గుప్పెడు గుగ్గిళ్లు చూపడం త్వరగా పని అవుతుంది. ఇంటి వద్ద నాలుగు రోజులు అలవాటు చేస్తే ఏ గుర్రమైనా తనంతట తానే ఎక్కుతుంది. ముళ్ల కళ్లెం వేసి లొంగదీయాలనుకునే వారికి ఒక మాట: 1965 నాటి నియమాల ప్రకారం అది నిషేధం. పైగా నోరు పుండైన గుర్రం పెళ్లి బారాతులో బాజా చప్పుడుకు మరింత బెదురుతుంది.

జబ్బుల విషయంలో గ్లాండర్స్‌ను మించిన భయం లేదు. దానికి టీకా లేదు, మనుషులకు కూడా అంటుకుంటుంది, నిర్ధారణ అయిన జంతువును చంపివేయడం తప్ప చట్టం మరో దారి చూపదు. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, చర్మం మీద కురుపులు ఉన్న గుర్రాన్ని ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. జోరీగల వల్ల వచ్చే సర్రా రోగంలో జ్వరం వస్తూ పోతూ ఉండి, కాళ్లు, పొట్ట కింది భాగం వాస్తాయి. దానికి మందు ఉన్నది, ఆలస్యం చేయకపోతే చాలు.

జాతర మైదానంలోనే, బేరం తెగకముందే, గుర్రాల రక్త నమూనాలు తీసి ధ్రువపత్రాలిచ్చే కేంద్రాన్ని సరిహద్దుకు ఇరువైపులా ఉన్న జిల్లాల పశుసంవర్ధక శాఖలు కలిసి ఏర్పాటు చేస్తే, సరిహద్దు వద్ద ఆపి ప్రశ్నించడం కన్నా ఎక్కువ ప్రయోజనం ఉంటుంది. జాతర వారంలో తమ పత్రికలో సంచార పశువైద్య సేవల 1962 నంబరుతో పాటు ఇరువైపులా ఉన్న తాలూకా పశువైద్యశాలల ఫోను నంబర్లను కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ తెల్లవారుజామున నాకు ఒక నంబరు దొరకడానికి గంటన్నర పట్టింది.

ఇట్లు,
ఒక గుర్రపు యజమాని,
ధర్మాబాద్ తాలూకా, నాందేడ్ జిల్లా