కర్నూలు-అనంతపురం ఎక్స్‌ప్రెస్ బస్సులో ఉన్న కండక్టరక్కకు

పాప ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. మొదటి రోజు నుంచీ ఇది రాయాలనుకుంటాండా, కుదర్లేదు. రాత్రి రెండింటికి లేస్తాది, పోయి తలుపు కాడ నిలబడ్తాది, ఎత్తుకుంటే తోస్తాది, దించితే ఏడుస్తాది. ఇప్పుడే పండుకుంది, అందుకే ఫోన్ పట్టుకున్యా, తప్పులుంటే ఏమీ అనుకోవద్దండి.

మేము దత్తతకు కారా (దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్లో రిజిస్టర్ చేసుకునింది 2021లో. రోజూ పొద్దున లేస్తానే సీనియారిటీ నంబర్ (వరసలో మాది ఎన్నోదని) చూసుకునేది, మళ్ళా పని చేసుకునేది. పోయిన నెల రాత్రి పూట మెసేజ్ వచ్చింది, కర్నూలు శిశుగృహలో ఏడాదీ పది నెలల పాప అని. 48 గంటల్లోపల రిజర్వ్ చేసుకోవాలంటారు, మేము ఐదు నిమిషాలు కూడా ఆగలేదు.

శిశుగృహలో సంతకాలన్నీ అయిపోయి పాపను చేతికిచ్చినారు. ఇది ఇంకా ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్ కిందనే, అంటే దత్తత ఖాయమయ్యే దాకా పాపను మా కాడ పెట్టుకోడానికి ఇచ్చినట్లు, కలెక్టర్ గారి ఆర్డర్ రావాల (ఇంతకుముందు కోర్టులో ఇచ్చేవాళ్ళు, 2022 నుంచి కలెక్టర్లకు మార్చినారు). మా ఆడబిడ్డ వాళ్ళ కారు ఆ రోజు కుదర్లేదు, బస్సెక్కినాము.

వెల్దుర్తి దాటినప్పటి నుంచీ ఏడుపు. మామూలు ఏడుపు కాదు, ఒళ్ళు బిగదీసుకుని, ఊపిరి పట్టేసి, నన్ను చూస్తే ఇంకా ఎక్కువ. ఆయన ఎత్తుకున్యాడు, నేను ఎత్తుకున్యా, బిస్కెట్టు, బొమ్మ, ఏదీ పనిచేయలేదు. వెనక సీటాయన "ఎవరి పాపమ్మా?" అన్యాడు. మా పాపే అన్యా. "మీ పాపైతే మీ కాడికి రాకుండా అట్లెందుకు గింజుకుంటాది?" అన్యాడు. నాకు గొంతు పెగల్లేదు. అది మా పాపే అని నోటితో అనడమే ఆ రోజు మొదటిసారి, ఆ మాటను ఎట్ల నిరూపించాలో నాకు తెలీదు. ఇంకో అబ్బాయి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టినాడు. ఎవరో పోలీసులకు ఫోన్ చేయండి అన్యారు. వాళ్ళను తప్పు పట్టను, పసిపిల్లలను ఎత్తకపోతాండారని రోజుకొకటి వింటాంటే ఎవరికైనా అనుమానం వస్తాది. మా ఆయన ఫైలు తీసి కాగితం చూపించబోయినాడు, చేతులు వణుకుతాండాయి.

అప్పుడు ముందర నుంచి కండక్టరక్క వచ్చింది. యాభై ఏళ్ళుంటాయేమో. "ఇట్లియ్ నాయనా" అని ఆ కాగితం తీసుకుని చదివింది. పైనించి కింద దాకా చదివింది. వెనకాయన తొంగి చూడబోతే దాన్ని మడిచేసింది. మడిచి నా చేతిలో పెట్టి మెల్లిగా "ఇది అందరికీ చూపించే కాగితం కాదమ్మా, బ్యాగులో పెట్టుకో" అనింది. అంతే, తర్వాత అందరి దిక్కు తిరిగి "నేను చూసినాను, వాళ్ళ బిడ్డే. ఏయ్ బాబూ, ఆ ఫోన్ లోపల పెట్టు, తీసింది డిలీట్ చెయ్" అని గట్టిగా చెప్పింది. బస్సంతా గమ్మునయింది.

డోన్ బస్టాండులో దిగి వేడినీళ్ళు తెచ్చిచ్చింది, పాలపొడి కలిపినాం. అట్లయినా తాగలేదు. మళ్ళా బస్సు కదిలినాక మా పక్క సీటులోనే కూర్చుంది. నాది జీరో టికెట్ అప్పటికే కొట్టింది, ఆడోళ్ళకు ఉచితం కదా, ఆయనది కూడా కొట్టేసింది, పాపకు ఐదేళ్ళలోపు కాబట్టి టికెట్టే లేదు. అయినా పాపకు కనపడేట్లు మిషన్ పట్టుకుని కాగితం కొంచెం బయటికి లాగింది. కర్రుమని చప్పుడొచ్చింది. పాప ఏడుపాపి చూసింది. ఆ ముక్క చింపి పాప చేతిలో పెట్టి "మీ అమ్మకియ్‌పో" అనింది.

పాప ఎవరికియ్యాల్నో తెలీక అటూ ఇటూ చూసింది. అక్క నా దిక్కు వేలు చూపించి "అదో, మీ అమ్మ" అనింది. పాప నాకిచ్చింది.

నాలుగేళ్ళు ఎన్ని ఆఫీసులు తిరిగినానో, ఎక్కడా ఏడవలేదు. అక్కడ ప్యాపిలి దాటి గుత్తి దాకా ఏడుస్తానే ఉన్యా. అక్క ఏమీ అడగలేదు, ఓదార్చలేదు, నా మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. గుత్తిలో జనం ఎక్కితే లేచి పోయింది. అనంతపురంలో దిగేటప్పుడు తొక్కిసలాట, బ్యాగులు, పాప, ఆమె పేరు కూడా అడగలేదు. ఆ ఉత్త కాగితం ముక్క నా పర్సులో ఉంది. ఆర్టీసీలో తెలిసినోళ్ళు ఎవరైనా ఉంటే ఇది ఆమెకు చేరేట్లు చూడండి, మీకు పుణ్యముంటాది.

అమ్మ, అత్తమ్మ, మరిది, అందరూ ఇంట్లోనే ఉండారు, రాత్రులు వంతులేసుకుని మేలుకుంటాండారు. వాళ్ళకు థ్యాంక్స్ చెప్తే తిడ్తారు.

ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. హోమ్ స్టడీ రిపోర్టు (ఇంటికొచ్చి మా సంగతులన్నీ చూసి రాసేది) మూడేళ్ళే చెల్లుతాది, మా ముందర ఉన్నోళ్ళే అంతమంది, వాళ్ళు కదిలేలోపల మాది తీరిపోయింది, మళ్ళా మొదట్నుంచీ అన్ని సర్టిఫికెట్లూ. ఒక ఆఫీసులో అయితే "కన్న బిడ్డ కాదు కదమ్మా, తొందరేముంది" అన్యారు. సెలవు సంగతి ఇంకా అన్యాయం. 2017లో మార్చిన చట్టంలో దత్తత తల్లికి 12 వారాలు అని రాసినారు, కానీ బిడ్డ మూడు నెలల లోపల ఉంటేనే అని అందులో పెట్టినారు. దొరికిన బిడ్డ తల్లిదండ్రుల కోసం వెతకాల, ఇచ్చేసిన బిడ్డయితే కన్నతల్లి మనసు మార్చుకోడానికి 60 రోజులు ఆగాల, అవన్నీ సరైనవే, బిడ్డ కోసం పెట్టినవే, కానీ అవన్నీ అయ్యేటప్పటికి మూడు నెలల లోపల ఇంటికొచ్చే బిడ్డలు ఎంతమందుంటారు? నేను పనిచేసే చోట వారం రోజులిచ్చినారు. రెండేళ్ళు కూడా నిండని బిడ్డకు కొత్త ఇల్లు, కొత్త వాసన, కొత్త మొకాలు. పురుడు పోసుకున్నోళ్ళకే సెలవు కావాల్నా, రాత్రి తలుపు కాడ నిలబడే బిడ్డకు అక్కర్లేదా?

పాప పేరు, ఫోటో పెట్టను, అడగొద్దండి.

అయ్యో, శిశుగృహ ఆయమ్మలను మర్చిపోయినా. పాప పండుకునే పాత దుప్పటి ఉతకకుండా ఇచ్చినారు, ఉతికితే వాసన పోతాదని. ఇప్పుడు దాని మీదనే పండుకుంది. ఇంకా మా వీధి చివర నెట్ సెంటర్ తమ్ముడు, రెండు సార్లూ స్కాన్లన్నీ అతనే చేసినాడు. బస్సు డ్రైవరన్న, డోన్‌లో పాలు కలిపే దాకా బండి తీయలేదు. రెఫరెన్స్ లెటర్లు రాసిచ్చిన ఇద్దరు సార్లు. డోన్ బస్టాండులో టీ అంగడాయన, వేడినీళ్ళకు డబ్బు తీసుకోలేదు, ఆయన స్టీలు గ్లాసు కూడా మా బ్యాగులోనే వచ్చేసింది, కలెక్టర్ గారి ఆర్డర్ పనికి మళ్ళా కర్నూలు పోయేటప్పుడు తెచ్చిస్తామన్నా.