అడగని ప్రశ్న అభియోగపత్రంలోకి ఎక్కదు

ద హేగ్

చిరంజీవి రమకు అక్క ఆశీస్సులు.

డిసెంబరు 9న మీ మహిళా సంఘం జాతిహననం గురించి సభ పెడుతోందనీ, గోడల నిండా ఫొటోలూ మృతుల లెక్కలూ అంటిస్తామనీ రాశావు. తేదీ బాగుంది. 1948లో సరిగ్గా ఆ రోజే ఐక్యరాజ్యసమితి జాతిహనన నిరోధక ఒప్పందాన్ని ఆమోదించింది. ఆ గోడలే నాకు నచ్చలేదు. కోప్పడకుండా చదువు.

ఒక్క కేసు తీసుకో. బోస్నియా, డార్ఫుర్, సింజార్, 1971 నాటి బంగ్లాదేశ్, అన్నీ ఒక గంటలో చెప్పబోతే వినేవాళ్లకు ఏదీ గుర్తుండదు. "లోకమంతా ఇంతేలే" అని లేచిపోతారు. నన్నడిగితే రువాండాలోని టాబా కేసు చెప్పమంటాను.

1994 ఏప్రిల్ నుంచి జులై దాకా, దాదాపు వంద రోజుల్లో రువాండాలో సుమారు 8 లక్షల మందిని చంపారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది టుట్సీ తెగవాళ్లు. టాబాకు మేయర్‌గా ఉన్నవాడు జాన్ పాల్ అకాయెసు. ప్రాణభయంతో అతని కార్యాలయ ఆవరణలో తలదాచుకున్న స్త్రీల మీద అక్కడే అత్యాచారాలు జరిగాయి. టాంజానియాలోని అరుషాలో అంతర్జాతీయ ట్రిబ్యునల్ అతన్ని విచారణకు తెచ్చింది. మొదటి అభియోగపత్రంలో హత్యలున్నాయి, హింస ఉంది, అత్యాచారం మాత్రం లేదు. 1997 జనవరిలో ఒక సాక్షి, ఎవరూ అడగకుండానే, తన ఆరేళ్ల కూతురి మీద జరిగిన అత్యాచారం గురించి చెప్పింది. న్యాయమూర్తులు ఇంకొన్ని ప్రశ్నలు వేస్తే కార్యాలయం దగ్గర ఆడపిల్లలకు జరిగింది కూడా బయటికొచ్చింది. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకే ఒక్క మహిళ నవీ పిళ్లై, దక్షిణాఫ్రికాలో పుట్టిన తమిళ సంతతి ఆవిడ. అభియోగాలు సవరించాలని మహిళా హక్కుల సంఘాలు కూడా కోర్టుకు విన్నవించాయి. ఆ జూన్‌లో సవరించారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, అత్యాచారం జాతిహననంలో భాగం కాగలదని చెప్పిన మొదటి అంతర్జాతీయ తీర్పు.

మీ సభలో పట్టుకోవాల్సిన కొస ఇదే. మొదట ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు కాబట్టే అది కాగితం మీదికి రాలేదు. మీలాంటి సంఘాలు చేయగలిగిందీ, చేయాల్సిందీ ఆ ప్రశ్న వేయించడమే.

ఇక మాటల సంగతి. జాతిహననం, నరమేధం, ఊచకోత, యుద్ధనేరం: మన పత్రికలు వీటిని ఒకదాని బదులు ఒకటి వాడేస్తాయి. వేదిక మీద అలా కుదరదు. జాతిహననానికి కొలత శవాల సంఖ్య కాదు, ఉద్దేశం. ఒక జాతీయ, తెగ, జాతి (రేస్) లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ కొంత గానీ నిర్మూలించాలనే ఉద్దేశం రుజువు కావాలి. చంపడం ఒక్కటే కాదు, తీవ్రమైన శారీరక, మానసిక హాని చేయడం, బతకలేని పరిస్థితులు కల్పించడం, పుట్టుకలను అడ్డుకోవడం, పిల్లలను బలవంతంగా వేరే సమూహానికి తరలించడం కూడా అందులోకి వస్తాయి. టాబా అత్యాచారాలను కోర్టు ఆ 'తీవ్రమైన హాని' కిందే లెక్కవేసింది. ఆ నాలుగు సమూహాల్లో స్త్రీలు లేరన్నది గమనించు. అందుకే అఫ్ఘానిస్థాన్‌లో బాలికల చదువు ఆపేయడాన్ని జాతిహననం అంటే నిలబడదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2025 జులై 8న ఇద్దరు తాలిబాన్ నేతలపై వారంట్లు ఇచ్చింది వేరే నేరం కింద: లింగ ప్రాతిపదికన వేధింపు, మానవాళిపై నేరాల్లో ఒకటి. పెద్ద మాట వాడితే విషయం బరువెక్కుతుందనుకుంటారు గానీ, సభలో చట్టం తెలిసినవాడు ఒక్కడు లేచి తప్పు చూపితే మిగతా నిజాలు కూడా తేలికైపోతాయి.

ఫొటోల దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. వేరే యుద్ధం నాటి పాత ఫొటోకు కొత్త శీర్షిక తగిలించి తిప్పడం చాలా మామూలు. ప్రతి ఫొటోనూ గూగుల్ లెన్స్‌లోనూ, టిన్‌ఐలోనూ వెతికి, అది మొదట ఎప్పుడు, ఎక్కడ కనిపించిందో చూడండి. దుకాణాల బోర్డుల మీది లిపి, వాహనాల నంబరు ప్లేట్లు, కొండల ఆకారం చెప్పిన ఊరికి సరిపోతున్నాయా చూడండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే, తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు ఫైల్‌లోంచి పోతాయి, నాణ్యత కూడా తగ్గుతుంది. డాక్యుమెంట్‌గా పంపించమనండి. లింకు, చూసిన తేదీ, సమయం ఒక పుస్తకంలో రాసుకోండి, ఎందుకంటే అలాంటి వీడియోలను సైట్లు తీసేస్తుంటాయి. ఇవన్నీ సరిపోయినా, బతికున్న బాధితురాలి ముఖం కనిపించే ఫొటో మాత్రం పెట్టొద్దు. అరుషాలో సాక్షులకు పేర్ల బదులు అక్షరాలే వాడారు. కోర్టు పాటించిన మర్యాద మీ గోడకు బరువా? ముఖాల బదులు ఒక పటం, ఒక కాలక్రమం, అభియోగపత్రం సవరణకు ముందూ తర్వాతా ఎలా ఉందో చూపే రెండు కాగితాలు చాలు.

బాధితురాలిని పిలిపిస్తే సభ రక్తికడుతుందని ఎవరో అన్నారని రాశావు. వద్దు. జరిగింది మళ్లీ మళ్లీ చెప్పించడం వాళ్లకు కొత్త గాయం. పైగా వేర్వేరు చోట్ల చెప్పిన మాటల్లో చిన్న తేడా వస్తే రేపు కోర్టులో ఎదుటి లాయరుకు అదే ఆయుధం. ఇరాక్‌లోని యజీదీ అనే చిన్న మత సమూహానికి చెందిన నాదియా మురాద్ పేరుతో 2022లో వచ్చిన మురాద్ నియమావళి ఈ విషయంలో బాగా పనికొస్తుంది: సమ్మతి వాళ్ల భాషలో అడగాలి, దేనికి వాడతారో ముందే చెప్పాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకునే హక్కు ఇవ్వాలి. అన్నిటికంటే ముందు, అసలు అడగడం అవసరమా అని మనల్ని మనం అడగాలి. ఆ చెప్పాల్సింది తీర్పులోనే ఉంటే, తీర్పు చదవండి.

హాలులో తలుపు దగ్గరి వరస ఖాళీగా ఉంచండి, లేచి వెళ్లాలనుకునేవాళ్లు అందరినీ దాటుకుంటూ పోనక్కర్లేకుండా. ఏం చెప్పబోతున్నారో మొదటి రెండు నిమిషాల్లోనే హెచ్చరించండి. వినేవాళ్లలోనూ ఇంట్లో హింస పడ్డవాళ్లు ఉంటారు. కౌన్సెలింగ్ తెలిసిన ఒకామెను బయట కూర్చోబెట్టండి. కేసు చెప్పడానికి ఇరవై నిమిషాలు మించొద్దు, మిగతా సమయమంతా ప్రశ్నలకే.

వచ్చే మొదటి ప్రశ్న నాకు తెలుసు: "ఎక్కడో జరిగినదానికి మనమేం చేస్తాం?" ఇరాక్‌లో యజీదీ చిన్నారిని చంపిన ఐసిస్ సభ్యుడికి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు 2021 నవంబరు 30న జాతిహననం నేరం కింద జీవితఖైదు వేసిందని చెప్పు. జర్మనీ చట్టంలో ఆ నేరం ఉంది కాబట్టే అది సాధ్యమైంది. ఒప్పందం మీద సంతకం పెట్టడం వేరు, దాన్ని దేశంలో చట్టం చేయడం వేరు. సభ ముగిసేలోగా హాలులో అందరి చేతా ప్రజాప్రతినిధికి ఒకే ప్రశ్న రాయించు: మన చట్టంలో ఆ నేరం ఉందా, లేకపోతే ఎప్పుడు తెస్తారు? ముద్రించిన కాగితం మీద సంతకాలు వద్దు, చేత్తో రాయించు. ఎవరికి వాళ్లు రాసిన ఉత్తరాలను ఒక్క కట్ట కింద లెక్కగట్టి పక్కన పడేయడం కష్టం. కాగితాలు, పెన్నులు ముందే కుర్చీల మీద పెట్టించు.

అమ్మకూ నాన్నకూ నమస్కారాలు చెప్పు. వేదిక మీద చదివే పాఠం రాశాక నాకు పంపు, తేదీలు సరిచూస్తాను.

మీ అక్క