బండి గుణం దిగుడులో తెలుస్తుంది

జంగారెడ్డిగూడెం

చిరంజీవి హారికకు నాన్న ఆశీస్సులు.

మీ డెయిరీ యజమాని పాత క్వాడ్ బైకును, అదే పొలాల్లో తిరిగే ఆ నాలుగు చక్రాల బండిని తీసేసి కొత్తది కొనబోతున్నాడనీ, ఎలాంటిది కొనాలో చూసి చెప్పే పని నీకు అప్పగించాడనీ రాశావు. కొత్త మోడళ్ల గురించి కంపెనీలు చెప్పే గొప్పలన్నీ వరుసగా పంపి, వీటిలో మనకు పనికొచ్చేవి ఏవని అడిగావు. నిరుడు మీ దగ్గరున్న రెండు నెలలూ, తెల్లవారకముందే ఆవులను పాలకొట్టానికి తోలుకురావడానికి మీ ఆస్ట్రేలియా సౌత్ గిప్స్‌ల్యాండ్ గుట్టల మీద నువ్వు ఆ బండి నడుపుతుంటే కంచె పక్కన నిలబడి చూసినవాణ్ణి కనుక, ముప్పై ఏళ్లు ట్రాక్టరు తోలిన అనుభవంతో నాకు తోచింది రాస్తున్నాను.

నువ్వు పంపిన కాగితాలలో అన్నింటికన్నా పెద్ద అక్షరాలతో ఉన్నది హార్స్‌పవర్. నేనైతే దాన్ని చిట్టచివర చూస్తాను. గుట్ట ఎక్కలేని బండి అక్కడే ఆగిపోతుంది, మహా అయితే ఆ రోజు పని చెడుతుంది. గుట్ట దిగేటప్పుడు పట్టు తప్పిన బండి మాత్రం మనిషిని వదలదు. 1994లో పొగాకు కాల్చే కొట్టానికి (బ్యారన్‌కు) కట్టెలు తోలుతూ, నాలుగు చుక్కల డీజిలు కలిసొస్తుందన్న పేరాశతో వాగు దిగుడులో ట్రాక్టరును న్యూట్రల్ చేశాను. తొట్టిలోని బరువు వెనక నుంచి నెట్టేసరికి బ్రేకు వేసిన చక్రాలు జారిపోయి, ట్రాక్టరు దారికి అడ్డం తిరిగి, గట్టున ఉన్న తాడిమొద్దుకు తగులుకొని ఆగింది. ఈ సంగతి మీ అమ్మకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

అందుకే ముందుగా చూడవలసింది, యాక్సిలరేటరు మీద నుంచి బొటనవేలు తీసినప్పుడు ఇంజను చక్రాలను ఎంతమేరకు పట్టి ఉంచుతుందన్నది. ఈ బండ్లలో ఎక్కువ వాటికి గేర్లు ఉండవు. అమ్మ స్కూటరులో ఉన్నట్టే రెండు పుల్లీల మధ్య ఒక బెల్టు తిరుగుతుంది. స్కూటరు వేగం బాగా తగ్గగానే లోపలి క్లచ్ వదిలేసి, బండి తనంతట తాను దొర్లుతుంది. రోడ్డు మీద దానివల్ల ఇబ్బంది లేదు గానీ, తడి గడ్డి ఉన్న దిగుడులో అది న్యూట్రల్ చేసినట్టే. ఈ లోపాన్ని యమహా వాళ్లు బెల్టు ఎప్పుడూ బిగువుగా ఉండేలా అమర్చి, నాలుగు చక్రాలకూ ఇంజను బ్రేకు అందేలా చేసి సరిదిద్దారు. హోండా వాళ్లయితే చాలా మోడళ్లలో బెల్టు జోలికే పోకుండా, కారులో మాదిరి నిజమైన గేర్లనే ఉంచారు. కొనబోయే బండిని డీలరు ముంగిట్లో చదునైన సిమెంటు మీద నడిపి చూస్తే ఇది తెలియదు. వేగం తగ్గించి పట్టు పెంచే లో రేంజిలో వేసి, మీ ఫారంలో ఉన్న నిటారైన దిగుడు మీద, బ్రేకు ముట్టకుండా దించి చూడాలి. బరువు లాగేటప్పుడు కూడా లో రేంజి వాడకపోతే బెల్టు జారి, వేడెక్కి, మాడిపోతుందన్న సంగతి మీ యజమానికి తెలిసే ఉంటుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఆ రెండు కంపెనీల కొత్త వ్యవసాయపు క్వాడ్ బైకులు ఇప్పుడు మీ దేశంలో దొరకవు. బోల్తాపడిన క్వాడ్ బైకుల కింద నలిగి చనిపోయే రైతుల సంఖ్య తగ్గించాలని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2019లో ఒక భద్రతా ప్రమాణం తెచ్చింది. దాని ప్రకారం 2021 అక్టోబరు 11 నుంచి అమ్మే ప్రతి కొత్త వ్యవసాయపు క్వాడ్ బైకుకూ, అది తిరగబడినా మనిషి నలిగిపోకుండా కొంత సందు మిగిల్చే రక్షణ చట్రం ఉండి తీరాలి; పక్కకు వంచి పరీక్షించినప్పుడు 28.81 డిగ్రీల లోపు వాలులో రెండు చక్రాల మీదికి లేవకూడదు. ఆ చట్రాల వల్ల మేలు కన్నా కీడే జరగవచ్చని వాదించి, హోండా, యమహా ఆ మార్కెట్టు నుంచి తప్పుకున్నాయి. నా మట్టుకు నాకు ప్రభుత్వం మాటే సబబనిపిస్తుంది. చట్రం లేని ట్రాక్టరు దమ్ములో ముందు చక్రాలు లేచి వెనక్కి పడిపోవడం, తోలేవాడు దాని కింద ఉండిపోవడం మన మెట్టలోనూ డెల్టాలోనూ చూసినవాళ్లెవరూ చట్రం వద్దనరు. పాత బండికి అది ఉందో లేదో నువ్వు రాయలేదు. లేకపోతే, కొత్తది వచ్చేదాకా ఆగకుండా విడిగా అమ్మే చట్రం తెప్పించి బిగించమని మీ యజమానికి నా మాటగా చెప్పు.

ఆ 28.81 డిగ్రీల అంకె చూసి ధీమాపడకు. పరీక్షబల్ల మీద వంచిన బండికీ, కలుపుగా పెరిగిన బ్లాక్‌బెర్రీ ముళ్లపొదల మీద మందు కొడుతూ వెనక ట్యాంకుతో మలుపు తిరిగే బండికీ పోలిక లేదు. పూర్తిగా నిండిన ట్యాంకు కన్నా సగం ఖాళీ అయిన ట్యాంకే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే నీళ్లు ఒక్కసారిగా పల్లం వైపుకు పరుగెత్తి బండిని తమతో లాక్కుపోతాయి. ఎడ్లబండి మీద డ్రమ్ముతో నీళ్లు తోలిన మీ తాతయ్య, డ్రమ్ము వెలితి పడకుండా మూతిదాకా నింపేదాకా బండి కదలనిచ్చేవాడు కాదు. కొత్త బండి కాగితంలో వెనక ర్యాకు ఎంత మోస్తుందో చూసేటప్పుడు, ట్యాంకు, పంపు, నీళ్లు మూడింటి బరువూ కలిపి లెక్కవేయి. లీటరు నీళ్లంటే కిలో అని నీకు నేను చెప్పనక్కరలేదు. బరువు ఇంకా ఎక్కువైతే ర్యాకు మీద పెట్టడం కన్నా వెనక చిన్న తొట్టిలో లాగడం మేలు. నువ్వు పంపినవాటిలో క్యాన్-ఆమ్ కంపెనీ అవుట్‌ల్యాండర్ ప్రో బండి 830 కిలోల దాకా లాగుతుందని రాసుకున్నారు. అంత లాగగలగడం మంచిదే కానీ, ఆ 830 కిలోలు దిగుడులో వెనక నుంచి నెడతాయన్న సంగతి మాత్రం ఆ కాగితంలో ఉండదు.

పవర్ స్టీరింగు తీసుకోమను. 2007లో యమహా వాళ్ల గ్రిజ్లీతో ఈ బండ్లలో ఇది మొదలైనప్పుడు విలాసమనుకున్నవాళ్లు ఉన్నారు గానీ, రాయి తగిలినప్పుడు హ్యాండిలు చేతుల్లోంచి విదిలించుకోకుండా ఆపేది అదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బండి మీదే ఉండే నీ మణికట్టు సంగతి నాకు తెలుసు. వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షనా, ఒకే ఇరుసా అన్నదాని మీద నేను గట్టిగా చెప్పలేను. గుంతల్లో మొదటిది హాయి, బరువు వేసినప్పుడు రెండోది తక్కువ ఒరుగుతుంది.

ఇక బ్యాటరీ బండి. నువ్వు ఎక్కువ ఆశపడుతున్నది దాని మీదేనని నీ రాత చూస్తేనే తెలుస్తోంది. ఎలక్ట్రిక్ అవుట్‌ల్యాండర్‌కు 47 హార్స్‌పవర్, 8.9 యూనిట్ల బ్యాటరీ, ఒకసారి చార్జి చేస్తే 50 కిలోమీటర్ల దాకా ప్రయాణం అంటున్నారు. ఆవులు బెదరకుండా చప్పుడు లేకుండా వెళ్లడం, కదిలీ కదలగానే పూర్తి బలం అందడం, దిగుడులో మోటారే బ్రేకుగా పనిచేయడం, ఈ మూడూ నాకు నచ్చాయి. కానీ ఆ 50 కిలోమీటర్లు చదునైన దారిలోనా, చలికాలపు బురదలో తొట్టి లాగుతూనా అని అడగవలసి ఉంది. పాత బండి మీటరులో మీరు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో ఒక పది రోజులు రాసిపెట్టు. ఆవులు ఈనే రోజుల్లో రాయి, ఎందుకంటే తిరుగుడు అప్పుడే ఎక్కువ. ఆ అంకె పాతిక లోపుంటే మీ యజమానితో ఆ మాట ధైర్యంగా ఎత్తవచ్చు. నలభై దాటితే మరికొన్నాళ్లు పెట్రోలు బండే నయం.

ఇంకొక పని చెయ్యి. పాలకొట్టం వెనక, ఆ వంకర చెట్టు దగ్గర నుంచి వాగు దాకా ఉన్న దిగుడు ఎన్ని డిగ్రీలో నీ ఫోనుతో కొలిచి నాకు పంపు. నేను చూసినప్పుడు కంటి అంచనాకు ఇరవై పైనే అనిపించింది. కొత్త బండి వచ్చినా సరే, వానపడిన రోజు ఆ దారిన కాకుండా గేటు పక్క నుంచి చుట్టుతిరిగే వెళ్లు.

అమ్మ ఆవకాయ పెట్టింది. పార్సిలులో పంపనిస్తారో లేదో కనుక్కొని రాయి.

ఇట్లు,
నాన్న