బుడగలు ఆగితే పులియడం అయిపోయినట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు చేసే పొరపాట్లు, వాటిని అప్పటికప్పుడు ఎలా సర్దుకోవచ్చు అనే వ్యాసం మీ ఆదివారం సంచికలో చదివాను. చాలావరకు బాగుంది, కానీ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఎయిర్‌లాక్‌లో, అంటే గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వకుండా బకెట్ మూతకు బిగించే నీళ్ల గొట్టంలో, బుడగలు ఆగిపోతే పులియడం పూర్తయినట్టేనని, ఇక సీసాల్లో నింపుకోవచ్చని రాశారు. ఇది తప్పు, పైగా ప్రమాదం. సరిగ్గా ఈ మాటే నమ్మి నేను రెండోసారి కాచినప్పుడు ఆరోరోజున బుడగలు ఆగాయని చక్కెర కలిపి సీసాల్లో నింపి మూతలు బిగించేశాను. పది రోజుల తర్వాత అర్ధరాత్రి అలమరాలో ఒకదాని తర్వాత ఒకటి పేలాయి. పొద్దున చూస్తే గాజు ముక్కలు అలమరా తలుపు చెక్కలో దిగబడి ఉన్నాయి. ఆ సమయంలో ఎవరైనా తలుపు తీసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తర్వాత తెలిసింది, నా బకెట్ మూత సరిగ్గా పట్టడం లేదు, గ్యాస్ అంచుల నుంచి పోతోంది, అందుకే ఎయిర్‌లాక్‌లో బుడగలు లేవు. లోపల ఈస్ట్ మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది. గది చల్లబడి ఈస్ట్ నిద్రపోయినా బుడగలు ఆగుతాయి. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది, పులియడం ఎప్పుడో ముగిసిపోయినా గది వేడెక్కితే ద్రవంలో కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి మళ్లీ బుడగలు కనిపిస్తాయి. కాబట్టి బుడగలను చూసి ఏదీ తేల్చలేం, హైడ్రోమీటర్‌తోనే చూడాలి. ద్రవం నీళ్లకంటే ఎంత చిక్కగా ఉందో చూపే పరికరం అది, నీళ్లకు 1.000 చూపిస్తుంది, చక్కెర కరిగేకొద్దీ అంకె పెరుగుతుంది, ఈస్ట్ దాన్ని తినేకొద్దీ దిగుతుంది. మొదట్లో 1.050 దగ్గర ఉన్నది మామూలుగా 1.010, 1.012 వరకు దిగుతుంది, ఆ అంకె రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే సీసాల సంగతి. కొలిచే నమూనా వేడిగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది, అందుకే పరికరం మీద రాసిన ఉష్ణోగ్రతకు చల్లార్చాకే చూడాలి.

ఎందుకింత పట్టుదల అంటే లెక్క అలాంటిది. గ్యాస్ కోసం సీసాల్లో కలిపే చక్కెర లీటరుకు సుమారు 6 గ్రాములు, అంతే. ఇంకో మూడు పాయింట్లు, అంటే 1.013 నుంచి 1.010 దాకా, దిగాల్సి ఉండగానే మూత బిగిస్తే దాదాపు అంత గ్యాస్ అదనంగా పుడుతుంది. ఎనిమిది పాయింట్లు మిగిలి ఉంటే ఏ సీసా ఆగుతుంది?

హైడ్రోమీటర్ సన్నని గాజు, చేయి జారితే పోతుంది, నాది రెండుసార్లు పోయింది. అప్పుడు చేసుకున్న ఏర్పాటు చెబుతాను, మీ వ్యాసంలో ఇలాంటివి ఉంటే బాగుండేది. ఒక సీసాకు మెడ దగ్గర గీత పెట్టి అక్కడిదాకా నీళ్లు నింపి తూచాను, సీసా బరువు తీసేస్తే 500 గ్రాములు. అదే గీత వరకు, గ్యాస్ పోయేలా బాగా కలియబెట్టిన బీరు పోసి తూస్తే 506 గ్రాములు. 506ని 500తో భాగిస్తే 1.012. తూకంలో ఒక్క గ్రాము తేడా వచ్చినా రెండు పాయింట్లు మారిపోతాయి, అయినా అంకె ఇంకా దిగుతోందా, ఆగిందా అన్నది తెలుస్తుంది, ఆ పూటకి అది చాలు.

ఆగిపోయిన పులియడాన్ని బేకరీ ఈస్ట్ చల్లి లేపమన్నారు. నేనైతే ముందు బకెట్‌ని 20 డిగ్రీల చోటికి మార్చి, గాలి కలవకుండా మెల్లగా తిప్పి, మూడు రోజులు ఓపిక పడతాను. చాలాసార్లు అదే కదులుతుంది. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, వేడి నీళ్లలో నానబెట్టినప్పుడు వేడి 70 డిగ్రీలు దాటిపోయి ఉంటే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలిపోతాయి, అప్పుడు ఎన్ని ప్యాకెట్లు చల్లినా ప్రయోజనం ఉండదు. బేకరీ ఈస్ట్ చేతిలో ఉంటే దాన్ని నీళ్లలో మరిగించి చంపి, వోర్ట్ (మాల్ట్ నుంచి దిగిన తీపి నీళ్లు) మరిగేటప్పుడే కలపండి, తర్వాత వేసే బీరు ఈస్ట్‌కి అది మంచి ఆహారం.

వేసవి వేడికి తడి తువ్వాలు చుట్టి ఫ్యాన్ పెట్టమన్నది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం, నేనూ అదే చేస్తాను, కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. నురగ పొంగి ఎయిర్‌లాక్ మూసుకుపోతే దాన్ని తీసేసి లావు గొట్టం పెట్టి, రెండో కొస నీళ్ల సీసాలో ముంచితే సరిపోతుంది. ఇలాంటి వాటికి టెన్షన్ పడి బీరంతా పారబోసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. బాగు చేయలేనిదీ ఒకటుంది. క్లోరిన్ ఉన్న నీళ్లతో కాచినా, బ్లీచింగ్‌తో కడిగిన బకెట్‌ని సరిగ్గా తొలవకపోయినా మందుల పట్టీ లాంటి వాసన వస్తుంది, అది ఎన్నాళ్లు దాచినా పోదు. నీళ్లలో ముందే క్యాంప్‌డెన్ మాత్ర (క్లోరిన్‌ని విరిచే సల్ఫైట్ బిళ్ల) కలిపితే క్లోరిన్ బెడద ఉండదు.

ఎడిటర్ గారూ, మీ వ్యాసం చదివి ఈ పాటికే ఎవరైనా సీసాలు నింపేసి ఉండొచ్చు. వాళ్లకోసం వచ్చే సంచికలోనే సవరణ వేయండి. తొందరపడి నింపినవాళ్లు కళ్లకు అద్దాలు, చేతులకు మందపాటి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, సీసాల మీద మందపాటి దుప్పటి కప్పి, కుదపకుండా ఫ్రిజ్‌లోకి చేర్చాలి. చల్లబడితే ఈస్ట్ నెమ్మదిస్తుంది, గ్యాస్ ఒత్తిడీ తగ్గుతుంది. బాగా చల్లారాక మరుసటి రోజు ఒక్కొక్క మూత గుడ్డ కప్పి కొంచెం కొంచెంగా వదులు చేసి గ్యాస్ వదిలేయాలి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు. ఈ నాలుగు మాటలు ఆ వ్యాసం వేసిన పేజీలోనే, కనిపించేంత పెద్ద అక్షరాల్లో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు