మూడేళ్ల సగటు చూసి ఉంటే ఈ కప్పు వచ్చేదా?

ఇండియానా రాష్ట్ర గవర్నర్ మైక్ బ్రాన్ గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఈ రాష్ట్రంలో ఉంటున్న మా తెలుగువాళ్లు కూడా దీన్ని చదివి మీకు తలా ఒక ఉత్తరం రాయాలని నా ఆశ.

2026 జనవరి 19 రాత్రి మయామీ గార్డెన్స్‌లో ఇండియానా యూనివర్సిటీ జట్టు 27-21తో మయామీ యూనివర్సిటీ జట్టుని ఓడించి కాలేజీ ఫుట్‌బాల్ (చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) జాతీయ విజేత అయింది. పదహారు ఆటలాడి పదహారూ గెలిచింది. 1894లో యేల్ జట్టు తర్వాత ఇలా 16-0తో సీజన్ ముగించిన జట్టు ఇంకొకటి లేదు. ఇన్నాళ్లూ ఇండియానా అంటే బాస్కెట్‌బాలే. 1976లో ఒక్క ఆట కూడా ఓడకుండా కప్పు గెలిచిన బాస్కెట్‌బాల్ జట్టు గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిగ్గా యాభై ఏళ్లకి ఫుట్‌బాల్ జట్టు ఆ పని చేసింది.

ఈ యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో నేను ఎమ్మెస్ చదివే రోజుల్లో శనివారం ఆట అంటే స్టేడియం బయట పార్కింగ్‌లో జరిగే సందడే. లోపలికి వెళ్లినవాళ్లు కూడా సగం ఆట కాకుండానే లేచి వచ్చేసేవాళ్లు. వాళ్లని తప్పుపట్టలేను. 2025 సీజన్ మొదలయ్యేనాటికి ఈ స్థాయి జట్లన్నిటిలో చరిత్రలో అందరికంటే ఎక్కువసార్లు ఓడింది మనమే, ఏడు వందలకు పైగా ఓటములు. సీజన్ చివర మంచి జట్లకి పెట్టే బౌల్ ఆట 1991 తర్వాత ఒక్కటీ గెలవలేదు.

అందుకే నవంబరులో పెన్ స్టేట్ ఆట చూస్తున్నప్పుడు నా చేతులు వణికాయి. లక్ష మంది పట్టే పరాయి స్టేడియం. మనం 24-20తో వెనకబడి ఉన్నాం. రెండు నిమిషాలు కూడా లేవు, పోవాల్సిన దూరం ఎనభై గజాలు. మొదటి ఎత్తుకే మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టుని నడిపే ఆటగాడు) ఫెర్నాండో మెండోసాని కింద పడేశారు. పాత ఇండియానా అయితే అక్కడితో సరి. ఈ కుర్రాడు లేచాడు, ఒక్కో పాస్‌తో జట్టుని ముందుకి నడిపాడు. 36 సెకన్లు మిగిలి ఉండగా ఎండ్ జోన్ (బంతి చేరిస్తే పాయింట్లు వచ్చే చివరి భాగం) వెనక గీత వైపు ఎత్తుగా ఒక బంతి విసిరాడు. ఒమర్ కూపర్ జూనియర్ గాల్లోకి లేచి దాన్ని అందుకున్నాడు. ఒళ్లంతా గీత దాటి పడిపోతోంది, ఒక్క కాలి మునివేళ్లు మాత్రం లోపలి గడ్డిని తాకాయి. కాలేజీ ఆటలో క్యాచ్ చెల్లడానికి ఆ ఒక్క కాలు చాలు. రీప్లేలో ఆ వేళ్లని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆ తర్వాత ఒహాయో స్టేట్ మీద 13-10, మెండోసాకి ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ, రోజ్ బౌల్‌లో అలబామా మీద 38-3. ఫైనల్లో నాలుగో డౌన్‌కి, అంటే చివరి ప్రయత్నానికి, కోచ్ కర్ట్ సిగ్నెటి బంతిని తన్నితే వచ్చే మూడు పాయింట్లు చాలనుకుని కిక్కర్ని పంపాడు. అంతలో మనసు మార్చుకుని వెనక్కి పిలిచాడు. మెండోసా తనే బంతి పట్టుకుని, మీద పడ్డవాళ్లని విదిలించుకుంటూ పన్నెండు గజాలు పరుగెత్తి గీత మీదకి దూకాడు.

ఇంత సంతోషంలో మీకు లేఖ రాయడానికి కారణం వేరే ఉంది.

2025లో మీరు సంతకం చేసిన బడ్జెట్ చట్టంలో ఒక నిబంధన ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక డిగ్రీ కోర్సు నుంచి మూడేళ్ల సగటున ఏటా పదిహేను మందైనా పట్టా తీసుకోకపోతే, దాన్ని నడపడానికి ఉన్నత విద్యా కమిషన్ అనుమతి కావాలి. మాస్టర్స్‌కి ఏడుగురు, డాక్టరేట్‌కి ముగ్గురు. ఆ వేసవిలో ఒక్క బ్లూమింగ్టన్‌లోనే వందకు పైగా కోర్సుల్ని మూసేస్తామనో, ఆపేస్తామనో, వేరేవాటిలో కలిపేస్తామనో ప్రకటించారు.

ఇదే లెక్క ఫుట్‌బాల్ జట్టుకి వేసి చూడండి. 2021లో రెండు గెలుపులు, పది ఓటములు, అంటే 2-10. 2022లో నాలుగు గెలుపులు. 2023లో మూడు. ముప్పై ఆరు ఆటల్లో తొమ్మిది, సగటున ఏడాదికి మూడు. ఆ 2023 నవంబరులో మనవాళ్లు జట్టుని మూసేయలేదు. పాత కోచ్‌ని పంపడానికి 1 కోటి 55 లక్షల డాలర్లకి ఒప్పుకుని మరీ, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ నుంచి సిగ్నెటిని తెచ్చుకున్నారు. ఆయన మొదటి ఏడాదే 11 గెలిపించాడు, రెండో ఏడాది కప్పు. ఆ డబ్బు వృథా అని నేననను. అడుగున ఉన్నప్పుడు నమ్మి పెట్టారు కాబట్టే ఇవాళ ఈ ఊరేగింపులు.

ఫుట్‌బాల్ డబ్బు తెస్తుంది, ఉజ్బెక్ భాష లాంటి చిన్న కోర్సు తేదు అంటారేమో. నిజమే. కానీ డెబ్బైకి పైగా భాషలు నేర్పుతుందని దేశమంతా చెప్పుకునే పేరు కూడా ఈ యూనివర్సిటీదే. నేను చదివేటప్పుడు ఒక సాయంత్రం తెరిచి ఉన్న క్లాసు తలుపు ముందు నిలబడిపోయాను. లోపల నలుగురే విద్యార్థులు, టీచరు పలికిన ఉజ్బెక్ మాటని ఒకరి తర్వాత ఒకరు పలుకుతున్నారు. సరిగ్గా వచ్చేదాకా ఆవిడ వదల్లేదు. మన భాషని కూడా ఎక్కడో ఇలా నలుగురైనా నేర్చుకుంటారా అని ఆ రోజు ఎంతగా అనుకున్నానో! నలుగురున్న క్లాసు మూడేళ్ల సగటున ఏటా పదిహేను మందవదు. ఒకసారి మూసి ఆ టీచరుని పంపేస్తే, తర్వాత మళ్లీ తెరుద్దామన్నా అలాంటి మనిషి దొరకడం కష్టం.

మిమ్మల్ని అడిగేది రెండే. మూడేళ్ల సగటుని పదేళ్లకి మార్చమని శాసనసభకి చెప్పండి. అంతవరకు, అనుమతి కోరి వచ్చే చిన్న కోర్సులకి గడువు ఇవ్వమని కమిషన్‌ని కోరండి.

ఆ చట్టం మళ్లీ మీ బల్ల మీదకి వచ్చిన రోజు, 2-10, 4-8, 3-9 అని ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

ఇట్లు,
బ్లూమింగ్టన్ పూర్వ విద్యార్థి